కానీకి వచ్చిన తీపి

రాజుల దండయాత్రలను, కోటల పతనములను చరిత్రకారులు విపులముగా వ్రాసియుంచిరి. పల్లెటూరి పిల్లవాడు అరచేత కానీని బిగించిపట్టి వీధి అంగడికి పరుగెత్తిన వృత్తాంతమును వ్రాసినవారు అరుదు. అయినను ఆ చిన్న బేరమునందు మన నాణెముల చరిత్రయు, చెఱకు చరిత్రయు, యంత్రముల రాకయు ఇమిడియున్నవి.

ఆనాటి రూపాయికి 16 అణాలు. అణాకు 4 కానులు. కానీకి 3 దమ్మిడీలు. అనగా రూపాయికి 64 కానులన్నమాట. రెండవ ప్రపంచ సంగ్రామ కాలమున లోహమును పొదుపుచేయగోరి ప్రభుత్వమువారు 1943లో నడుమ రంధ్రముగల కానీని ముద్రింపజొచ్చిరి. అదియే చిల్లుకానీ. ఆ నాణెము పోయినను, చేతిలో చిల్లుకానీ లేదను పలుకుబడి మాత్రము పోలేదు. నైజాము సీమలో హాలీ సిక్కా వేరుగా చెల్లుచుండెను. ఏ సిక్కా యైనను పిల్లలకు దాని వెల తెలిసినది మిఠాయి సీసా యెదుటనే.

పంచదార విరివిగా దొరకని దినములలో తీపియనగా బెల్లమే. అనకాపల్లి బెల్లపు విపణి నేటికిని దేశమున మిక్కిలి పెద్దవానిలో నొకటి. బెల్లమును కరగించి, మురికి వడగట్టి, ముదురుపాకము వచ్చువరకు కాచి, నూనె రాచిన బండపై పోయుదురు. చేయి ఓర్చునంతగా చల్లారిన పిదప ఆ ముద్దను మేకునకు తగిలించి, లాగి, మడచి, మరల లాగుదురు. లాగినకొలది సన్నని గాలిబుడగలు చేరి నల్లని ముద్ద బంగారువన్నెకు తిరుగును. నువ్వులు చేర్చి ముక్కలుగా కోసిన నవియే జీళ్లు. తెమలని వ్యవహారమును జీడిపాకమని మనమనుట ఆ పనివాని మేకునుండి వచ్చిన మాటయే.

1932లో స్వదేశపు చక్కెర పరిశ్రమకు సుంకపు రక్షణ లభించినది. 1933లో విశాఖమండలమందలి ఏటికొప్పాకలో రైతులు సహకార పద్ధతిని చక్కెర కర్మాగారమును నెలకొల్పిరి. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. పంచదార చవుకయగుకొలది నిమ్మతొనలును, పిప్పరమెంటు బిళ్లలును అంగడి సీసాలలో నిండినవి. నిమ్మతొనల పాకమున పులుసు కలుపుట రుచికొఱకే కాదు. దానివలన పాకము మరల పలుకులుగా పేరుకొనక గాజువలె నిగనిగలాడుచు గట్టిపడును. పంచదార చిలకలకు దీనికి విరుద్ధమైన పద్ధతి. పాకమును బాగుగా కలియబెట్టి, పేరుకొననిచ్చి, కొయ్య అచ్చులలో పోయుదురు. ఈ భేదమును పనివారు రసాయన గ్రంథములు చదివి నేర్వలేదు; గరిటె నుండి పాకము జారు తీరును జూచి నేర్చిరి.

పిమ్మట కర్మాగారముల కాలము వచ్చినది. 1929లో బొంబాయి శివారున పార్లే సంస్థ మిఠాయిల తయారీతోనే ఆరంభమైనది. 1952లో మన చిత్తూరునందు న్యూట్రిన్ సంస్థ పుట్టి, కాగితము చుట్టిన బిళ్లలను ఊరూరికి పంపినది. తిరునాళ్లలో యంత్రమున తిరుగు పీచుమిఠాయి మరింత దూరపు చుట్టము. దాని యంత్రమును 1897లో అమెరికాలోని నాష్‌విల్ నగరమున కల్పించిన ఇరువురిలో నొకడు దంతవైద్యుడగుట వింత.

గతమును ప్రేమించువారు దాని దోషములను దాచరాదు. 1858లో ఇంగ్లండునందలి బ్రాడ్‌ఫర్డు పట్టణమున మిఠాయి బిళ్లలు తిని సుమారు 20 మంది మరణించిరి. పంచదార ప్రియమగుటచే దానిలో చవుకపిండి కలుపు వాడుక యుండెను. ఆ పిండికి మారుగా పొరపాటున పాషాణము చేరినది. మన దేశమున ఆహార కల్తీ నిరోధక శాసనము 1954లో గాని రాలేదు. శాసనములు వచ్చినను మోసము మానలేదు. 2024 ఫిబ్రవరిలో బట్టలకు వాడు రోడమిన్-బి అను రంగు పీచుమిఠాయిలో బయటపడగా, పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వములు దాని అమ్మకమును నిషేధించినవి. కావున నాటి సీసాలోని ప్రతి యెఱ్ఱబిళ్లయు అమృతమని తలంపరాదు.

అట్లయిన మన బెంగ దేనిని గూర్చి? బీదవాని బిడ్డయు కొనుగోలుదారుగా నిలిచి, ఇది కావలెను, అది వలదు అని చెప్పగలిగిన గౌరవమును గూర్చియే. 1957 ఏప్రిల్ 1వ తేదీన రూపాయికి 100 నయాపైసల లెక్క వచ్చినది. కానీ విలువ ఒకటిన్నర నయాపైసకు కొంచెము పైచిలుకు. అంతటి నాణెము కొత్త లెక్కలో లేకపోయెను. 1964లో నయా యను మాట తొలగినది. ధరలు పెరిగి పైసలు తరిగి, 2011 జూన్ 30తో పావలాయు, అంతకు తక్కువ నాణెములును చెల్లకపోయెను. అంతకుముందే అంగళ్లలో చిల్లరకు బదులుగా చాక్లెట్టు బిళ్లను చేతబెట్టు వాడుక ప్రబలెను. నాణెమిచ్చి మిఠాయి కొన్న కాలము పోయి, మిఠాయియే నాణెముగా చెల్లిన కాలము వచ్చినది. కోరి కొన్న బిళ్లకును, కోరకయే చేతబడిన బిళ్లకును రుచి యొక్కటి కాదు.

కానీలను దాచినవారు నేటికిని కలరు. పాకపు గుర్తులను దాచినవారు మాత్రము కొలదిమందియే. జీడిపాకమెప్పుడు మేకున కెక్కవలెనో, చిలకల అచ్చు ఏ కొయ్యతో చెక్కవలెనో తెలిసిన వృద్ధులు మన చుట్టుపట్ల ఇంకను ఉన్నారు. ఈ రజతోత్సవ సందర్భమున మన గ్రంథాలయపు యువకులు కాగితము, కలము పట్టుకొని వారి యొద్దకు పోవుదురు గాక. వారు చెప్పినదానిని ఉన్నదున్నట్లు వ్రాసి, ఇచటి బీరువాలో నొక పుస్తకముగా చేర్చిన, ఆ పుస్తకము వేరొక గ్రంథాలయమున దొరకదు.