రేవు నుంచి న్యాయస్థానం దాకా: సింగపూర్‌లో యానిమే, గేమ్ కన్సోళ్లు

జపాన్ యానిమేషన్ కథాచిత్రాలైన యానిమే, టీవీకి తగిలించి ఆడే గేమ్ కన్సోళ్లు సింగపూర్‌కు మొదట వర్తక సరుకుగానే చేరాయి. వాటిని తెచ్చి అమ్మే హక్కు ఎవరిదన్న ప్రశ్న ఆ తరవాత చాలాకాలానికి గానీ గట్టిగా తలెత్తలేదు. దిగుమతైన సరుకును తిరిగి ఎగుమతి చేసే రేవుగా 1819 నుంచి ఎదిగిన ఆ నగరంలో 1972లో ఇసెటాన్, 1974లో యావోహాన్ అనే జపాన్ డిపార్ట్‌మెంట్ స్టోర్లు వెలిశాయి. పారిశ్రామికాభివృద్ధికి జపాన్‌ను ఆదర్శంగా చూపిన ఆనాటి ప్రభుత్వ ధోరణి కూడా ఆ దేశపు వస్తువులకు గౌరవం పెంచింది.

1983 జులైలో నింటెండో సంస్థ జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్ వంటి కన్సోల్ అక్కడి గృహావసరాలకు తయారైనది. జపాన్ ఇళ్లలో విద్యుత్తు 100 వోల్టులు కాగా సింగపూర్‌లో 230. జపాన్ టీవీ ప్రసారం 525 గీతల ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో, సింగపూర్‌ది 625 గీతల పాల్ పద్ధతిలో సాగేది. అందువల్ల జపాన్ సెట్టును సింగపూర్‌లో వాడాలంటే వోల్టేజీని తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు, రెండు పద్ధతులనూ అందుకోగల టీవీ కావలసివచ్చేవి.

రోచోర్ ప్రాంతంలో ఎలక్ట్రానిక్స్ దుకాణాల సముదాయమైన సిమ్ లిమ్ స్క్వేర్ మొదలైన 1987లోనే సింగపూర్ తన సొంత కాపీరైట్ చట్టాన్ని తెచ్చుకున్నది. 1994లో చేసిన సవరణ, తయారైన దేశంలో హక్కుదారు అనుమతితో రూపొందిన అసలు సరుకును స్థానిక ఏజెంటు ప్రమేయం లేకుండా తెచ్చుకునే సమాంతర దిగుమతికి స్పష్టమైన ఆమోదం ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో జపాన్‌లో విడుదలైన ప్లేస్టేషన్, చిప్పు పొదిగిన కార్ట్రిడ్జికి బదులు సీడీని వాడటంతో నకలు తీయడం చౌకయింది. నకలు సీడీని, పరాయి ప్రాంతపు సీడీని కూడా యంత్రం చేత ఆడించే మోడ్‌చిప్ వ్యాపారం పుట్టుకొచ్చింది. అమెరికాతో కుదిరిన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2004 జనవరి 1న అమలులోకి రాగా, దాని షరతుల మేరకు చట్టాన్ని సవరించి, రక్షణ తాళాలను ఛేదించే పరికరాల అమ్మకాన్ని నిషేధించారు.

యానిమే విషయంలో హక్కుల వివాదం 2007లో న్యాయస్థానానికెక్కింది. జపాన్ ధారావాహికలను స్థానికంగా పంపిణీ చేసే ఓడెక్స్ సంస్థ, వాటిని ఇంటర్నెట్ నుంచి అక్రమంగా దించుకున్నారంటూ ఇంటర్నెట్ చందాదారులకు లేఖలు పంపి, రాజీకి 3,000 నుంచి 5,000 సింగపూర్ డాలర్ల వరకు అడిగింది. ఇంటర్నెట్ సేవలందించే సింగ్‌నెట్, స్టార్‌హబ్ సంస్థల నుంచి వారి పేర్లు రాబట్టేందుకు అనుకూలమైన ఉత్తర్వులు పొందిన ఓడెక్స్‌కు అలాంటిదే మరో సంస్థ పసిఫిక్ ఇంటర్నెట్ విషయంలో మాత్రం ఎదురుదెబ్బ తగిలింది. ఓడెక్స్ ప్రత్యేక హక్కుదారు కాదని, అంటే ఆ చిత్రాలపై పరులను మినహాయించే హక్కు దానికి లేదని, ఆగస్టులో జిల్లా న్యాయస్థానం పిటిషన్‌ను తోసిపుచ్చింది. 2008 జనవరిలో హైకోర్టు ఓడెక్స్ అప్పీలును కొట్టివేస్తూనే, చందాదారుల వివరాలను జపాన్ హక్కుదారు సంస్థలకు ఇవ్వాలని ఆదేశించింది.

ఈ తీర్పు నకలు తీయడాన్ని సమర్థించలేదు. చందాదారుల వివరాలు కోరే వ్యక్తి ముందుగా ఆ హక్కు తనదని రుజువు చేసుకోవాలని మాత్రం తేల్చిచెప్పింది. ఆ ఏడాది నవంబరులో సన్‌టెక్ సమావేశ మందిరంలో తొలి యానిమే ఫెస్టివల్ ఆసియా జరిగింది. యానిమే గీతాల గాయకుడు ఇచిరో మిజుకి వంటి కళాకారులు నేరుగా వచ్చి పాడిన ఆ ఉత్సవం తరవాతి కాలంలో ఇతర ఆగ్నేయాసియా దేశాలకూ విస్తరించింది. 2013లో మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల ప్రచురణకర్త షొగాకుకాన్ సింగపూర్‌లోనే తన ఆసియా శాఖను నెలకొల్పింది. దళారి వర్తకంతో మొదలైన ఈ సంబంధంలో అసలు హక్కుదారే అంగడికి రావడం మూడు దశాబ్దాల మార్పుకు ఫలితం. ఆ మార్పులో చట్టానికి ఎంత పాత్ర ఉన్నదో, సరుకు కోసం ఎదురుచూసిన అభిమానుల గిరాకీకీ అంతే పాత్ర ఉన్నది.