గడ్డకట్టకుండా ఇచ్చే మందుతోనే గడ్డలు: హెపారిన్ వలన కలిగే అరుదైన రుగ్మత

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇంజక్షన్ అరుదుగా కొందరిలో గడ్డలు ఏర్పడుటకే కారణమవుతుంది. దీనిని 'హెపారిన్ ఇండ్యూస్డ్ థ్రాంబోసైటోపీనియా', క్లుప్తంగా 'హిట్' అని వైద్యులు వ్యవహరిస్తారు. గుండె శస్త్రచికిత్సలలోనూ, డయాలసిస్‌లోనూ హెపారిన్ వాడకం సర్వసాధారణమైనందున రోగుల బంధువులు సైతం దీనిని గురించి తెలుసుకొనుట అవసరం.

హెపారిన్ చరిత్ర 1916లో అమెరికాలో జే మెక్లీన్ అను వైద్య విద్యార్థి పరిశోధనతో ప్రారంభమైంది. ఆ మందు పొందుతున్న రోగులలోనే ధమనులు గడ్డలతో పూడుకుపోయిన ఉదంతాలను 1958లో వైస్‌మన్, టోబిన్ అను వైద్యులు ప్రకటించారు.

ప్లేట్‌లెట్ల నుండి వెలువడే 'ప్లేట్‌లెట్ ఫ్యాక్టర్ 4' అను ప్రోటీన్‌తో హెపారిన్ జతకూడినపుడు, కొందరి శరీరం ఆ జంటపై యాంటీబాడీలను తయారు చేస్తుంది. అవి ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టుటతో గడ్డలు ఏర్పడి, ప్లేట్‌లెట్ల సంఖ్య పడిపోతుంది. డెంగ్యూ జ్వరాల కాలంలో ప్లేట్‌లెట్లు తగ్గాయనగానే రక్తస్రావమునకు భయపడి, వాటిని ఎక్కించమని పట్టుబట్టుట మన జిల్లాలలో పరిపాటి. హిట్ సోకినవారికి అసలు ముప్పు గడ్డల నుండే. తీవ్ర రక్తస్రావం లేనిదే వీరికి ప్లేట్‌లెట్లు ఎక్కించుట సాధారణంగా తగదు.

హెపారిన్ ప్రారంభించిన 5 నుండి 10 రోజులలో ప్లేట్‌లెట్లు సగానికి పైగా తగ్గుట ప్రధాన సూచన. 4 లక్షల నుండి 1.8 లక్షలకు దిగినచో ఆ అంకె చూచుటకు మామూలుగానే ఉన్నప్పటికీ అనుమానించవలసిందే. గత 100 రోజులలో హెపారిన్ పొందినవారికి ఒక్క రోజులోనే ఈ స్థితి రావచ్చు. ఇంటికి చేరిన తరువాత కూడా కాలు వాచుట, ఆయాసం, ఛాతీ నొప్పి, ఒక పక్క చేయి కాలు పట్టు తప్పుట కనిపించినచో తక్షణం ఆసుపత్రికి చేరవలెను.

అనుమానం కలిగిన వెంటనే హెపారిన్‌ను పూర్తిగా నిలిపివేస్తారు. సెలైన్ గొట్టాలు పూడుకుపోకుండా వాడే కొద్దిపాటి మోతాదు సైతం ఇందుకు మినహాయింపు కాదు. నిలిపివేతతో ముప్పు తొలగదు కావున అర్గట్రోబాన్, బైవాలిరుడిన్, ఫాండాపారినక్స్ వంటి ప్రత్యామ్నాయాలలో ఒకటి ఇస్తారు. వార్ఫరిన్ మాత్రలను ప్లేట్‌లెట్లు సుమారు 1.5 లక్షలకు చేరే వరకు ప్రారంభించరు. తొందరపడినచో చర్మం, అవయవాలు కుళ్లిపోవు ప్రమాదం కలదు.

హిట్ నిర్ధారణ అయినవారు ఆ విషయాన్ని డిశ్చార్జి పత్రంలో స్పష్టంగా వ్రాయించుకొని, ఎన్నేళ్ల తరువాతనైనా శస్త్రచికిత్సకు, డయాలసిస్‌కు ముందు వైద్యులకు చూపవలెను.