ముదురు నీలం: ‘ది టిక్’ అభిమానుల ముప్పై ఏళ్ల పేచీ

2016 ఆగస్టు 19న అమెజాన్ మూడు పైలట్ ఎపిసోడ్లను ఒకేసారి జనంలోకి వదిలింది. చూడండి, ఎలా ఉందో చెప్పండి, దాన్నిబట్టి సిరీస్ తీయాలో వద్దో తేల్చుకుంటాం అన్నది అప్పట్లో ఆ సంస్థ పద్ధతి. ఆ మూడింట్లో ఒకటి ‘ది టిక్’. 1990లలో అమెరికాలో పెరిగిన పిల్లలకు ఆ పేరు వింటేనే నవ్వు. పశువుల్ని పట్టుకునే పిడుదు పేరు పెట్టుకుని, ఒళ్లంతా నీలం తొడుగుతో, నెత్తిన రెండు యాంటెనాలతో తిరిగే భారీ మనిషి. బలానికి లోటు లేదు, బుర్ర మాత్రం అంతంతే. కొట్లాటకు దూకబోతూ ‘స్పూన్!’ అని అరుస్తాడు. ఎందుకు చెంచా అని అడిగితే చెప్పలేడు.

ఆ నవ్వు కోసం పైలట్ పెట్టుకున్నవాళ్లకు కనిపించింది ఇది: ఆర్థర్ అనే చిన్న పిల్లాడు తండ్రితో వీధిలో ఉంటాడు. పైనుంచి ఒక సూపర్‌హీరో బృందం వాహనం కూలి, తండ్రి దాని కింద పడి చనిపోతాడు. వాహనంలోంచి తూలుతూ దిగిన హీరోలకు కళ్లు కనబడవు. విలన్ వాళ్ల మీద సిఫిలిస్ క్రిముల్ని ఆయుధంగా వాడాడు. ‘ది టెర్రర్’ అనే ఆ ముసలి విలన్ తాపీగా వచ్చి అందరినీ కాల్చి, కొయ్యబారి నిలబడ్డ పిల్లాడి ఐస్‌క్రీమ్ రుచి చూస్తాడు. పెద్దయ్యాక ఆర్థర్ మాత్రలు మింగుతూ బతుకుతుంటాడు. టెర్రర్ చావలేదు, ఇంకా ఉన్నాడు అంటే పోలీసులూ నమ్మరు, తోడబుట్టిన డాట్ కూడా నమ్మదు. ఇక ఆ నీలం మనిషి సంగతి. అతను నిజంగా ఉన్నాడా, ఆర్థర్ తలలోనే ఉన్నాడా అన్నది పైలట్ చాలాసేపు తేల్చదు.

అభిమానులు భగ్గుమన్నారు. ఆ ఏడాది మార్చిలోనే ‘బ్యాట్‌మన్ వర్సెస్ సూపర్‌మన్’ వచ్చి, చీకట్లో ఉరిమి చూసుకునే హీరోలతో జనాన్ని విసిగించి ఉంది. నెట్‌ఫ్లిక్స్‌లో ‘డేర్‌డెవిల్’, ‘జెస్సికా జోన్స్’ అంతకుముందు ఏడాదే మొదలయ్యాయి. అన్నీ చీకటి కథలే అయినప్పుడు, వాటిని వెక్కిరించడానికి పుట్టినవాణ్ణి కూడా అదే గదిలోకి తోస్తారా అన్నది వాళ్ల ఉక్రోషం. అనుమానానికి ఊతమిచ్చే సంగతులూ తక్కువేం కాదు. పైలట్ దర్శకుడు వాలీ ఫిస్టర్, దర్శకుడు నోలన్ తీసిన బ్యాట్‌మన్ సినిమా ‘ది డార్క్ నైట్’కి ఛాయాగ్రాహకుడు. టెర్రర్ వేషం కట్టిన జాకీ ఎర్ల్ హేలీ 2009 నాటి ‘వాచ్‌మెన్’ సినిమాలో రోర్‌షాక్. చీకటి సూపర్‌హీరో సినిమాకు సంబంధించిన మనుషుల్నే ఏరి తెచ్చి పెట్టినట్టుంది.

అంత ఏరికోరి తెచ్చారంటే అది పొరపాటున జరిగిన పని కాదని నాకనిపిస్తుంది. అభిమానులకు చిరాకు తెప్పించిన ఆ చీకటి కొత్తగా అంటించింది కాదు కూడా. అందుకు 1986కి వెళ్లాలి.

ఆ ఏడాది అమెరికన్ కామిక్స్ మలుపు తిరిగాయి. ఫ్రాంక్ మిల్లర్ ‘ది డార్క్ నైట్ రిటర్న్స్’ వచ్చింది, అలాన్ మూర్, డేవ్ గిబన్స్‌ల ‘వాచ్‌మెన్’ మొదలైంది. సూపర్‌హీరోకి వయసు మీదపడటం, మతి చెడటం, చేతికి నెత్తురంటడం అప్పుడే గొప్ప సాహిత్యమనిపించుకున్నాయి. అదే ఏడాది బోస్టన్ చుట్టుపక్కల కామిక్ దుకాణాలు నడిపే న్యూ ఇంగ్లండ్ కామిక్స్ అనే సంస్థ తన వార్తాలేఖకు ఒక బొమ్మ కావాలంటే, బెన్ ఎడ్లండ్ అనే పదిహేడు పద్దెనిమిదేళ్ల కుర్రాడు గీసిచ్చినవాడే టిక్. 1988లో నలుపు తెలుపుల్లో సొంత కామిక్ మొదలైంది. అందులో టిక్ తొలి ప్రవేశం ఎలా అనుకున్నారు? పిచ్చాసుపత్రి నుంచి పారిపోయి వస్తాడు. తరవాతి కథల్లో మిల్లర్ మార్కు నింజాలు గుంపులుగా దిగుతారు, మిల్లర్ సృష్టించిన ఎలెక్ట్రాకి పేరడీగా ఈడిపస్ అనే పిల్ల వస్తుంది. రంపంతో తిరిగే చెయిన్‌సా విజిలాంటీ అనే ‘న్యాయరక్షకుడు’ సూపర్‌హీరోలనే వేటాడతాడు. అంటే టిక్ పుట్టిందే చీకటి పక్కన. చుట్టూ లోకం ముఖం మాడ్చుకుని ఉంటే తానొక్కడే వెలిగిపోతూ తిరగడం అతని హాస్యానికి మూలం. ఎడ్లండ్ 1993 దాకా 12 సంచికలు చేశాడు.

1994 సెప్టెంబరులో ఫాక్స్ కిడ్స్ చానల్ దాన్ని కార్టూన్ చేసింది. శనివారం పొద్దున పిల్లలు చూసేది కాబట్టి పిచ్చాసుపత్రి పోయింది. దాని స్థానంలో ముఖమే కుర్చీగా ఉన్న చెయిర్‌ఫేస్ చిప్పెండేల్ అనే విలన్ వచ్చాడు. వాడి కుట్ర ఒక్కటే, లేజర్‌తో చంద్రుడి మీద తన పేరు చెక్కుకోవడం. సి, హెచ్, ఎ అని మూడక్షరాలు పడేసరికి టిక్ ఆపేశాడు. తరవాతి ఎపిసోడ్లలో కూడా చంద్రుడి మీద ఆ అక్షరాలు కనిపిస్తుండేవి! ఒక జోకుని అన్ని వారాలు మొయ్యాలంటే పిల్లల తెలివి మీద గౌరవం ఉండాలి. అదే చానల్లో 1992 నుంచీ బ్యాట్‌మన్ కార్టూన్ ఎంతో గంభీరంగా నడుస్తోంది, పక్కనే టిక్ కార్టూన్‌లో డీ ఫ్లేడర్‌మౌస్ అన్న గబ్బిలం వేషగాడు ఆడపిల్లల వెంట పడుతూ, దెబ్బలాట అంటే జారుకుంటూ బ్యాట్‌మన్ పరువు తీస్తుండేవాడు. టిక్ కార్టూన్ 36 ఎపిసోడ్లతో 1996 చివర్లో ముగిసిపోయినా, టిక్‌కి టౌన్‌సెండ్ కోల్‌మన్ ఇచ్చిన గొంతు ఒక తరం చెవుల్లో నిలిచిపోయింది. కామిక్ చదివి పెరిగినవాళ్లలో కొందరు మాత్రం పళ్లు పీకిన పాము అన్నారు. టిక్ విషయంలో అభిమానుల తొలి ఫిర్యాదు ‘మరీ తేలికైపోయింది’ అన్నదే!

ఈ గొడవకి తాత ఇంకొకటుంది. 1966లో ఏబీసీ చానల్లో ఆడమ్ వెస్ట్ బ్యాట్‌మన్‌గా వేసిన సీరియల్ రంగురంగుల కామెడీ. జనం విరగబడి చూశారు, కామిక్ అభిమానులు మాత్రం ఇరవై ఏళ్లు తలవంపుగా భావించారు. 1988లో దర్శకుడు బర్టన్ తన బ్యాట్‌మన్ సినిమాకు హాస్యనటుడు మైకేల్ కీటన్ని తీసుకున్నాడనగానే వేల ఉత్తరాలు వార్నర్ సంస్థకు వెళ్లాయి. మళ్లీ నవ్వులాట చేస్తారేమోనన్న భయం. అప్పుడు అభిమాని అంటే చీకటి కోరేవాడు, 2016 నాటికి చీకటంటే విసిగినవాడు. కోపంలో తేడా లేదు, దిక్కు మారింది.

మళ్లీ టిక్ దగ్గరికి. 2001 నవంబరు 8న ఫాక్స్ చానల్లో మనుషులు నటించిన మొదటి ‘ది టిక్’ వచ్చింది. బారీ సోనెన్‌ఫెల్డ్ నిర్మాణంలో భాగస్వామి. హీరోలంతా హోటల్లో కూర్చుని ప్రేమలూ అద్దెలూ మాట్లాడుకునే సిట్‌కామ్ అది. టిక్ వేషం కట్టిన ప్యాట్రిక్ వార్‌బర్టన్‌ది కంచుగంట లాంటి గొంతు. అంత ఎత్తు మనిషి, కనురెప్ప కదపకుండా అర్థం లేని మాటల్ని వేదంలా పలికాడు. కార్టూన్ పాత్రల హక్కులు చిక్కకపోవడంతో డీ ఫ్లేడర్‌మౌస్ బ్యాట్‌మాన్యుయెల్ అయ్యాడు, అమెరికన్ మెయిడ్ కెప్టెన్ లిబర్టీ అయింది. కార్టూన్ అభిమానులకు ఇది మింగుడుపడలేదు. పేర్లు మార్చారు, ఫైటింగులు లేవు, ఊరికే కబుర్లే అన్నారు. గురువారం రాత్రి ‘సర్వైవర్’కి ఎదురు నిలబెట్టిన చానల్ కూడా పెద్దగా ఓపిక పట్టలేదు. తీసిన తొమ్మిదిట్లో ఎనిమిది ప్రసారమయ్యాక ఆపేసింది. 2003లో డీవీడీ వచ్చింది. చూడగా చూడగా ప్రేమ పుట్టింది. పదిహేనేళ్లు తిరిగేసరికి, ఒకప్పుడు అక్కర్లేదన్న వార్‌బర్టన్ ‘అసలు’ టిక్ అయి కూర్చున్నాడు.

అందుకే 2016లో మొదటి దెబ్బ పీటర్ సెరాఫినోవిచ్‌కి తగిలింది. 2014లో అమెజాన్ వార్తలు బయటికొచ్చినప్పుడు వార్‌బర్టనే మళ్లీ వేస్తాడన్నారు. చివరికి ఆయన నిర్మాతల్లో ఒకడిగా మిగిలి, తొడుగు ఈ బ్రిటిష్ కమెడియన్‌కి దక్కింది. అతను వార్‌బర్టన్‌లా గర్జించలేదు. పాతకాలం రేడియో అనౌన్సరులా, కొంచెం పసివాడిలా మాట్లాడాడు. మంచి ఎంపికే, కానీ వార్‌బర్టన్ కోసం వచ్చినవాళ్ల చెవికి అదెలా ఆనుతుంది?

రెండో దెబ్బ తొడుగుకి. ఈ విషయంలో అభిమానులదే పైచేయి అని ఒప్పుకోవాలి. పైలట్‌లో టిక్ వేసుకున్నది గరుగ్గా, కవచంలా, ఏ పాకుడు జీవి తోలో ఒలిచి కుట్టినట్టు ఉంది. రంగు మాసిన నీలం. ముఖం దగ్గర ఇరుకు, నటుడి కనుబొమలు ఆడే చోటే లేదు. లోకం ఎంత చీకటైనా ఫరవాలేదు, టిక్ దానిలో కలిసిపోకూడదు. కలిసిపోతే జోకు చచ్చిపోతుంది. పైలట్ తరవాత సిరీస్‌లో తొడుగు నున్నగా, మెరిసే నీలంగా మారింది, ముఖం తెరుచుకుంది. జనం మాట విని దుస్తులు మార్చుకునే అవకాశం పైలట్ పద్ధతిలోనే ఉంది. ఉత్తరాల కాలంలో కీటన్ వ్యతిరేకులకు ఈ సౌకర్యం లేదు.

మూడో ఫిర్యాదు నెత్తురు, బూతులు. ఓవర్‌కిల్ అనే పాత్ర, కామిక్స్‌లో నేరగాళ్లను చంపుకుంటూ తిరిగే పనిషర్‌కి పేరడీ. అయితే పేరడీ అయినా గొంతులు నిజంగానే కోస్తాడు. కార్టూన్‌లోనూ పనిషర్‌ని వెక్కిరించే బిగ్ షాట్ ఉండేవాడు. తుపాకులు పేల్చి పేల్చి చివరికి భోరుమనేవాడు. ఆ కార్టూన్ చూసి పెద్దవాళ్లై, తమ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడాలనుకున్న తల్లిదండ్రుల కినుకలో న్యాయం ఉంది. శనివారం పొద్దుటి జ్ఞాపకం పిల్లలకి చూపించలేని వస్తువైపోయింది.

ఇంకొక వర్గం కూడా ఉంది, గొంతు చిన్నది. ఆందోళనతో, మందులతో రోజులు గడిపేవాళ్లు గ్రిఫిన్ న్యూమన్ వేసిన ఆర్థర్‌లో తమను చూసుకున్నారు. అన్ని రూపాల్లోనూ ఆర్థర్ చిమ్మటపురుగు వేషం వేసుకున్న అకౌంటెంటే. వీధిలోవాళ్లు కుందేలనుకుంటారు, అదొక పాత జోకు. ఈసారి మాత్రం ఆ వేషం వేసుకోవడానికి అతను భయపడతాడు, ఏడుస్తాడు, విప్పి పారేస్తాడు. టిక్ అతనితో విధి అని ఉపన్యాసాలిస్తుంటే నవ్వు వస్తుంది, కానీ ఆ ఉపన్యాసం వినే మనిషి నిజంగా మునిగిపోతున్నాడు. నా లెక్కలో నాలుగు రూపాల్లోకీ ఈ జంట బరువైనది. కార్టూన్ ఆర్థర్ ఎదురుదెబ్బలకు ‘అబ్బా’ అనేవాడు, అంతే.

సిరీస్ 2017 ఆగస్టు 25న ఆరు ఎపిసోడ్లతో వచ్చింది, మిగతా ఆరు 2018 ఫిబ్రవరిలో. సగంలో కోసి ఆర్నెల్లు ఆపడం దీనికి మంచి చెయ్యలేదు. టిక్ నిజమేనా అన్న సందేహాన్ని త్వరగానే వదిలేశారు. టెర్రర్ చేష్టలు కూడా భయం నుంచి వెటకారానికి జరిగాయి. 2019 ఏప్రిల్‌లో పది ఎపిసోడ్లతో వచ్చిన రెండో సీజన్లో లాబ్‌స్టర్క్యులిస్ అనే రాక్షస రొయ్యను వేటాడితే, తీరా అది పిల్లల కోసం వెతుక్కుంటున్న తల్లి. ఆ రొయ్య నేరుగా 1994 కార్టూన్‌లోంచి నడిచొచ్చినట్టుంది. అలిగి వెళ్లిన పాతవాళ్లు కొందరు వెనక్కొచ్చారు. వచ్చి కుదురుకునేలోగా, మే నెలలో అమెజాన్ సిరీస్‌ని రద్దు చేసింది.

రద్దు వార్త ఎడ్లండే ట్విటర్‌లో చెప్పాడు, మరో చోటు వెతుకుతున్నానన్నాడు. ‘సేవ్ ది టిక్’ అంటూ అభిమానులు హ్యాష్‌ట్యాగుతో వెంటపడ్డారు. చోటు దొరకలేదు. జులై 26న అదే అమెజాన్‌లో ‘ది బాయ్స్’ దిగింది. ఇందులో సూపర్‌హీరోలు హంతకులు, కామాంధులు, నెత్తురు బకెట్లతో పారుతుంది, నవ్వు కూడా నెత్తురు రంగులోనే ఉంటుంది. దాన్ని నడిపించిన ఎరిక్ క్రిప్కే ‘సూపర్‌నేచురల్’ సృష్టికర్త. ఆ సీరియల్‌కి ఎడ్లండ్ ఏళ్ల తరబడి రాశాడు. టిక్ అభిమానుల్లో మిగిలిన చేదు ఇక్కడిదే. మావాడు మరీ చీకటిగా ఉన్నాడని మేం గోల చేశాం, చివరికి చీకటి చాలకే పోయాడా అని. ఈ మాటలో సగం నిజం ఉందనుకుంటాను. ‘ది బాయ్స్’కి హీరోలంటే అసహ్యం. టిక్ ఎంత చీకట్లో నిలబడ్డా హీరోలంటే ప్రేమ. 2019 నాటి గాలి అసహ్యం వైపు వీచింది.

అమెజాన్ ప్రైమ్ వీడియో మన దేశానికి వచ్చింది 2016 డిసెంబరులో. హైదరాబాదులోనో విజయవాడలోనో దీన్ని చూసినవాళ్లలో చాలామందికి కార్టూన్ తెలియదు, వార్‌బర్టన్ తెలియడు. అమెరికాలోనూ అప్పటికి పదహారు పదిహేడేళ్లున్న పిల్లల సంగతి అంతే. వాళ్లకు టిక్ అంటే సెరాఫినోవిచ్, ఆర్థర్ అంటే మాత్రలు మింగే కుర్రాడు. ఐదోసారి ఎవరైనా తీసి, ఈ బరువు తీసేసి హాయిగా నవ్విద్దామనుకుంటే, మా టిక్‌ని పాడుచేశారన్న మొదటి కేక వాళ్ల దగ్గర్నుంచే వస్తుంది.