పాలమూరు బొంబాయి దారి: ప్రయాణ సాధనాలు, ప్రయాణ జ్ఞానం

వనపర్తికి, నాగర్‌కర్నూల్‌కు నడుమ ఉన్న గోపాల్‌పేట నిజాం రాజ్యంలో ఒక సంస్థానానికి కేంద్రం. సంస్థానమంటే నిజాముకు పేష్కష్ అనే వార్షిక కప్పం చెల్లిస్తూ తన ప్రాంతపు పాలనను తానే నడుపుకునే సామంత రాజ్యం. గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత సంస్థానాలతో పాటు గోపాల్‌పేట కూడా నేడు పాలమూరు అని పిలిచే భూభాగంలోనే ఉండేది. కృష్ణానది ఈ నేలను ఒరుసుకుని పారినా, ఎత్తున ఉన్న పొలాలకు ఆ నీరు అందలేదు. సగటున ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వానపై ఆధారపడిన మెట్ట సేద్యం తప్పిన ఏడు కూలి కోసం ఊరు విడవడం ఇక్కడ తరతరాల ఆచారంగా మారింది. అలా ఊరు విడిచినవారు చేరుకున్న నగరాలలో అరేబియా సముద్ర తీరాన ఉన్న బొంబాయి ముఖ్యమైనది. అక్కడికి ఎలా వెళ్లాలి, ఎక్కడ దిగాలి, ఏ కాలంలో తిరిగి రావాలి అన్న జ్ఞానం ఏ పుస్తకానికీ ఎక్కకుండానే ఒక తరం నుంచి మరో తరానికి అందింది. ఆ జ్ఞానం ఎవరి చేతిలో ఉంటే కూలీ వారి చేతిలోనే ఉన్నాడన్నదే ఈ దారి చరిత్రలోని కీలకాంశం.

బొంబాయితో తెలుగు శ్రామికుల సంబంధం రైలు కంటే పాతది. ఏడు దీవులను కలిపి ఒక్క నగరంగా తీర్చే క్రమంలో 1784 నాటికి హార్న్‌బీ వెల్లార్డ్ అనే అడ్డుకట్ట పూర్తయి పల్లపు నేలలు తేలాక, అక్కడ ఇళ్లు, రోడ్లు కట్టే పనులకు నిజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు కూలీలను, మేస్త్రీలను స్థానికులు కామాఠీలు అని పిలిచారు. వారు స్థిరపడిన పేటకు కామాఠీపురా అనే పేరు నిలిచిపోయింది. తరువాతి కాలంలో బట్టల మిల్లులు పెరగడంతో తెలంగాణ పద్మశాలీలు వర్లీ, లోయర్ పరేల్ ప్రాంతాలకు చేరారు.

ప్రయాణాన్ని మౌలికంగా మార్చినది రైలు. 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకు తొలి రైలును నడిపిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే సంస్థ, 1863లో భోర్ ఘాట్ మీదుగా సహ్యాద్రిని దాటింది. ఘాట్ అంటే కొండను ఎక్కి దిగే కనుమ దారి. ఇక్కడి వాలు 37 అడుగుల దూరానికి ఒక అడుగు ఎత్తు వంతున ఉండడంతో బండికి వెనుక నుంచి అదనపు ఇంజన్లు తోడు కావలసి వచ్చేది. 1871లో ఈ మార్గం రాయచూరు చేరి మద్రాసు రైల్వేతో కలిసింది. 1874లో నిజాం రైల్వే వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు మార్గం వేసింది. దాంతో పాలమూరు నుంచి బొంబాయికి మూడు ద్వారాలు ఏర్పడ్డాయి. కోస్గి, కొడంగల్ ప్రాంతాలవారికి తాండూరు; గోపాల్‌పేట, ఆత్మకూరు, మక్తల్ వైపువారికి కృష్ణానది ఉత్తరపు ఒడ్డున ఉన్న కృష్ణ స్టేషన్; గద్వాలవారికి రాయచూరు దగ్గరి దారులయ్యాయి. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న గద్వాల ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. రాయచూరు కూడా ఆ రెండు నదుల నడుమే ఉన్నందున నడిగడ్డ మనిషికి నది దాటే అవసరం రాలేదు. ఎడ్లబండి మీదో కాలినడకనో రైలును చేరడమే ఆ రోజుల్లో ప్రయాణంలోని కష్టమైన భాగం.

సికింద్రాబాదు నుంచి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా కర్నూలు వైపు వేసిన మీటర్ గేజ్ మార్గం ఈ నడకను తగ్గించింది. మీటర్ గేజ్ అంటే రెండు పట్టాల మధ్య ఒక మీటరు ఎడం ఉండే మార్గం. బొంబాయి వెళ్లే పెద్ద బండ్లు అంతకంటే వెడల్పైన బ్రాడ్ గేజ్ మీద నడిచేవి కనుక, ఈ మార్గంలో వచ్చినవారు మూటా ముల్లెతో బండి మారక తప్పేది కాదు. వనపర్తి రోడ్ స్టేషన్ పేరుకు వనపర్తిదే అయినా పట్టణానికి దూరంగా మదనాపురం వద్ద ఉంది. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించింది. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడిన తరువాత బస్సులు పెరిగి, పల్లెకు, స్టేషన్‌కు మధ్య ఉన్న ఆ దూరాన్ని క్రమంగా పూరించాయి.

నిజాం కాలపు ప్రయాణికుడు డబ్బు విషయంలోనూ జాగ్రత్త పడవలసి వచ్చేది. హైదరాబాదు రాజ్యంలో చెల్లే నాణెం హాలీ సిక్కా కాగా, బ్రిటిష్ ఇండియాలో చెల్లేది కల్దార్ రూపాయి, అంటే యంత్రం మీద ముద్రించినది. దాదాపు ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ రూపాయలతో సమానం. ఈ లెక్క తెలియనివాడు మారకంలోనే నష్టపోయే ప్రమాదం ఉండేది.

ఇటువంటి వివరాలన్నీ తెలిసినవాడు గుంపు మేస్త్రీ. ఊళ్లో పేద కుటుంబాలకు ముందుగా అప్పు ఇచ్చి, దానికి బదులుగా వారిని గుంపుగా పనికి తీసుకువెళ్లే మనిషిని పాలమూరులో అలా పిలుస్తారు. దారి ఖర్చు అతనే భరించి, దాన్ని కూలిలో మినహాయించుకునేవాడు. భాష తెలియని ఊరిలో దారీ తెలియకపోతే పని వదిలి ఇంటికి రావడం అసాధ్యం. అందువల్ల అప్పు ఎంత బలమైన సంకెలో, దారి తెలియకపోవడం కూడా అంతే బలమైన సంకెల అయింది.

నగరం లోపలి ప్రయాణం మరొక విద్య. బొంబాయిలో గుర్రపు ట్రాములు 1874లోనూ, విద్యుత్ ట్రాములు 1907లోనూ, బస్సులు 1926లోనూ మొదలయ్యాయి. 1925లో విద్యుత్ లోకల్ రైలు వచ్చింది. 1964లో ట్రాములు ఆగిపోయాక నగర జీవనానికి లోకల్ రైలే ఆధారమైంది. పాలమూరు కూలీ తెలుసుకోవలసిన విషయాలు ఇక్కడి నుంచే మొదలవుతాయి. శివారులో పని ఉన్నవారు కల్యాణ్‌లో లేదా ఠాణాలో దిగాలి. పడమటి లైను పట్టాలంటే రెండు లైన్లు కలిసే దాదర్‌లో దిగాలి. స్లో బండి అన్ని స్టేషన్లలో ఆగుతుంది, ఫాస్ట్ బండి ఆగదు. ఉదయం దక్షిణానికి, సాయంత్రం ఉత్తరానికి వెళ్లే బండ్లలో పార, తట్ట, గడ్డపారలతో ఎక్కడం కష్టం కనుక సామాన్లకు ప్రత్యేకించిన డబ్బాను గుర్తుపట్టాలి. ఆటోలు శివారు ప్రాంతాల్లోనే నడుస్తాయి, దక్షిణ నగరంలోకి వాటిని అనుమతించరు. ఊళ్లో అడ్డా అని పిలిచే కూలీల కూడలికి అక్కడి పేరు నాకా అని, తెల్లవారకముందే అక్కడ నిలబడాలని కూడా తెలిసి ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది కాలజ్ఞానం. పంట పనులు ముగిశాక బయలుదేరి తొలకరికి ఇల్లు చేరే వాడుక రెండు చోట్ల వానలకూ సరిపోతుంది. జూన్‌లో పాలమూరు రైతు విత్తనం కోసం నేల చూస్తున్న సమయానికే బొంబాయిలో వాన కట్టడాల పనిని నిలిపివేస్తుంది. 2005 జూలై 26న ఆ నగరంలోని శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడి లోకల్ రైళ్లు ఆగిపోయాయి. పాలమూరులో ఏడాది పొడవునా కురిసే సగటు వాన కంటే అది ఎక్కువ.

బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అనే మూడు మాటలు తెలంగాణ వలస జీవితానికి సంకేతాలయ్యాయి. తరువాత పాలమూరు నుంచి నేరుగా బొంబాయికి బస్సులు నడిచాయి. 2013లో గద్వాల, రాయచూరుల మధ్య రైలు మార్గం తెరుచుకుంది. చేతి ఫోను వచ్చాక మేస్త్రీని అడగకుండానే బండి వేళ తెలుసుకోగలిగే రోజులు వచ్చాయి. దారి రహస్యం ఆ విధంగా అందరిదీ అయింది. అయితే 2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్ వల్ల రైళ్లు, బస్సులు ఒక్కసారిగా ఆగినప్పుడు దేశమంతటా కూలీలు రోడ్డు వెంట నడవవలసి రావడం, దారి తెలిసినంత మాత్రాన ఇల్లు చేరలేరని చూపింది. సొంత ఊళ్లో సేద్యం నిలిస్తేనే ఆ దారి పట్టడం తప్పనిసరి కాకుండా పోతుంది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల పథకాల ద్వారా కృష్ణా జలాలు మెట్టకు ఎక్కడం ఈ చరిత్రలో అందుకే ముఖ్యమైన మలుపు. ఎప్పుడు వెళ్లాలో, ఎప్పుడు తిరిగి రావాలో, అసలు వెళ్లాలో వద్దో ప్రయాణికుడే నిర్ణయించుకోగలిగిన రోజునే చేతిలోని టికెట్టు నిజంగా అతనిదవుతుంది.