రెల్లు వెళ్ళిపోయిన దీవి

ఏ అడవికైనా పుట్టినరోజు చెప్పడం కష్టం. మన ముత్తాతలు పుట్టకముందే అవి ఉన్నాయి. కానీ ఒక అడవి విషయంలో మాత్రం అది ఎప్పటి తర్వాత వచ్చిందో చెప్పవచ్చు. ఇండోనేషియాలో జావా, సుమత్రా దీవుల మధ్య ఉన్న క్రకటోవా 1883 ఆగస్టు 26, 27 తేదీల్లో బద్దలైంది. ఇప్పుడు అక్కడ కనిపించే అడవి ఆ తర్వాత పెరిగిందే. చరిత్ర వ్యాసం అంటే రాజ్యాల గురించే రాయాలా అని ఆలోచించి, నేను ఈ దీవి చరిత్రను ఎంచుకున్నాను.

ఖాళీ అయిన నేల మీదకి ఒకదాని తర్వాత ఒకటిగా జీవజాతులు వచ్చి చేరడాన్ని జీవావరణ అనుక్రమం అంటారు. మా సైన్సు పుస్తకంలో అది నాలుగు బొమ్మల్లో అయిపోతుంది: నాచు, గడ్డి, పొదలు, చెట్లు. మెట్లెక్కినట్టు జాతులు పెరుగుతూ పోతాయని అనిపిస్తుంది. నిజంగా జరిగింది అంత సాఫీగా లేదు.

ఆ ప్రాంతం అప్పట్లో డచ్చివాళ్ళ పాలనలో ఉండేది. పేలుడు శబ్దం సుమారు 4,800 కిలోమీటర్ల దూరంలోని రోడ్రిగ్స్ దీవిలో కూడా వినబడింది. సముద్రం పొంగి 36 వేల మందికి పైగా చనిపోయారు. 2004 సునామీని చూసిన మా తమిళనాడు తీరంవాళ్ళకి ఆ అలలంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. దీవిలో మూడింట రెండు వంతులు నీళ్ళలో కుంగిపోయింది. దక్షిణాన మిగిలిన ముక్క పేరు రకాటా. దాని మీద వేడి బూడిద, నురుగురాయి పదుల మీటర్ల మందాన పరుచుకున్నాయి.

1884 మే నెలలో ఒక ఫ్రెంచి బృందం అక్కడికి వెళ్ళింది. ఎంత వెతికినా వాళ్ళకి దొరికిన ప్రాణి ఒక్కటే, ఒక చిన్న సాలెపురుగు. అది గూడు అల్లుకుంటోంది. తినడానికి పురుగే లేని చోట ఎవరి కోసం అల్లిందో పాపం! చిన్న సాలెపురుగులు దారం వదిలి గాలిలో తేలుతూ చాలా దూరం పోగలవు. ఇదీ అలాగే వచ్చి ఉండాలి.

1886లో బైటెన్‌జోర్గ్ (ఇప్పటి బోగోర్) వృక్షశాస్త్ర ఉద్యానవనం అధిపతి మెల్కియోర్ ట్రయబ్ వెళ్ళి చూశాడు. బూడిద మీద నీలి ఆకుపచ్చ శైవలాలు జిగురుపొరలాగా పట్టి ఉన్నాయి. ఆ పొర తడిని పట్టి ఉంచితే, దాని మీద ఫెర్నులు మొలిచాయి. లోపలి నేలలో ఫెర్నులదే రాజ్యం. 11 రకాల ఫెర్నులు లెక్కకి వచ్చాయి. వాటి సిద్ధబీజాలు ధూళిలా తేలిక కాబట్టి గాలికి ముందుగా వచ్చేశాయి. ఒడ్డున మాత్రం సముద్రం మోసుకొచ్చిన పూల మొక్కలు కొన్ని ఉన్నాయి.

1897లో ట్రయబ్ మళ్ళీ వెళ్ళేసరికి బొమ్మ మారిపోయింది. మొక్కల జాతులు 60 దాటాయి. లోపలంతా మనిషెత్తు గడ్డి. అందులో ముఖ్యమైనది మనకి బాగా తెలిసిన రెల్లు గడ్డే! మన ఏటి గట్ల మీద తెల్లగా పూసే రెల్లు అక్కడ కాలిన కొండని కప్పేసింది. ఒడ్డున సరుగుడు చెట్లు లేచాయి. 1908 నాటికి మొక్కల జాతులు వంద దాటాయి. గడ్డి మధ్య అక్కడక్కడ మర్రి జాతి చెట్లు మొదలయ్యాయి. పక్షులు, గబ్బిలాలు పండు తిని వేసిన రెట్టలే వాటికి విత్తనాల సంచులు. చెట్టు వస్తే పక్షి కూర్చుంటుంది, పక్షి కూర్చుంటే ఇంకో చెట్టు వస్తుంది.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం అనిపించింది ఆ తర్వాతి భాగం. 1920ల చివరికి చెట్ల కొమ్మలు కలిసిపోయి దీవి దాదాపు అంతా అడవి అయింది. నేల మీద ఎండ పడడం మానేసింది. రెల్లుకి ఎండ కావాలి. అందుకని అది చోటు కోల్పోయింది. పక్షుల్లోనూ ఇదే కథ. 1908లో అక్కడ నివాసముండే పక్షి జాతులు 13 కనిపించాయి. 1920 ప్రాంతంలో అవి సుమారు 27 అయ్యాయి. 1930లలో కూడా సుమారు 27. లెక్క మారలేదు కదా అనుకుంటాం. కానీ అవే పక్షులు కావు! బయలు ప్రదేశాల్లో తిరిగే కొన్ని జాతులు మాయమై, అడవి పక్షులు వాటి చోట్లోకి వచ్చాయి. అంటే అనుక్రమంలో జాతులు చేరడమే కాదు, పోవడం కూడా ఉంది. ఉత్త సంఖ్య చూస్తే ఆ సంగతి తెలియదు, పేర్లు కూడా చూడాలి.

ఈ చరిత్రలో ఒక వివాదం కూడా ఉంది. 1929లో బాకర్ అనే వృక్షశాస్త్రవేత్త, 1883లో ప్రతి వేరూ ప్రతి గింజా చచ్చిపోయిందని నిరూపించింది ఎవరు అని అడిగాడు. దీవి అంతా వెతకకుండా ఏమీ మిగలలేదని ఎలా అంటారన్నది అతని వాదన. ఎక్కువమంది శాస్త్రవేత్తలు అతనితో ఒప్పుకోలేదు. అయినా ఆ ప్రశ్న న్యాయమైనదే అని నాకు అనిపిస్తుంది. 'కనబడలేదు' వేరు, 'లేదు' వేరు. చరిత్ర చదివేవాళ్ళు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇంతకీ ఈ అడవి ఎక్కడినుంచి వచ్చింది? బూడిదలోంచి ఊరికే రాలేదు. సుమారు 40 కిలోమీటర్ల దూరంలో రెండు పక్కలా జావా, సుమత్రా ఉన్నాయి. విత్తనాలు పంపడానికి వాటి మీద అప్పటికి అడవులు మిగిలి ఉన్నాయి. గాలికి, నీళ్ళకి, రెక్కలకి అందినవి దాటి వచ్చాయి. అందనివి రాలేదు. మన గుగ్గిలం చెట్టు కుటుంబానికి చెందిన పెద్ద చెట్లు సుమత్రా అడవుల్లో ఉన్నా, వందేళ్ళు గడిచాక కూడా క్రకటోవాలో లేవు. వాటి బరువైన కాయలు సముద్రం దాటలేవు. నూరేళ్ళ వయసున్నా అది ఇంకా పాత అడవికి సమానం కాలేదన్నమాట.

ఈ మాట మా ఊరికి కూడా అక్కర వస్తుంది. మా ఊరి చెరువు వెనక పొరంబోకు నేలలో ఇరవై ఏళ్ళుగా ఎవరూ ఏమీ వెయ్యలేదు. అక్కడ అడవి రాలేదు. సర్కారు తుమ్మ వచ్చింది. ఇక్కడివాళ్ళు దాన్నే సీమై కరువేలం అంటారు. ఒకసారి యంత్రం పెట్టి పీకించారు. రెండు వానలకి మళ్ళీ అదే లేచింది, ఎందుకంటే మట్టిలో గింజలు దానివే, చుట్టూ ఉన్న చెట్లూ అవే. అమ్మవారి గుడి తోపులో మాత్రం మర్రి, వేప, నేరేడు, చింత ఉన్నాయి. తోపు కంచె పొడుగునా పిట్టలు వేసిన వేప, నేరేడు మొలకలు కనిపిస్తాయి. మా ఊరికి జావా, సుమత్రా ఆ తోపే.

ఇప్పుడు ఆ తోపులో సగం కొట్టి మండపం కట్టాలని మాట నడుస్తోంది. "చెట్లదేముందిరా, వదిలేస్తే అవే వస్తాయి" అని మా పెదనాన్న అన్నారు. ఆయన మాట సగం నిజమే, క్రకటోవాలో వచ్చాయి. కానీ వచ్చినవి పక్కన ఉన్న అడవి నుంచే వచ్చాయి. నేను ఈ సంగతి చెబితే పెదనాన్న కొంచెంసేపు ఊరుకుని, "అయితే మండపం తోపు బయట కట్టమని అడిగి చూద్దాం" అన్నారు. ఇంకా ఏదీ తేలలేదు.

క్రకటోవా దగ్గరే 1927లో సముద్రంలోంచి కొత్త అగ్నిపర్వతం లేచింది. దాని పేరు అనక్ క్రకటోవా, అంటే క్రకటోవా బిడ్డ. 2018 డిసెంబరులో దాని పక్క కూలిపోయి మళ్ళీ సునామీ వచ్చింది. అది ఎన్నిసార్లు కాలినా పచ్చదనం మళ్ళీ మొదలవడానికి ఇప్పుడు కొద్ది దూరంలోనే రకాటా అడవి ఉంది. 1883లో అన్నీ పోగొట్టుకున్న దీవి ఇప్పుడు పక్కదానికి విత్తనాలు ఇవ్వగలదు. ఇవ్వడానికి ఒక చోట మిగిలి ఉండాలి, అంతే.