వెయ్యి రూపాయల్లో చదువుకి ఒక్క రూపాయి: గవర్నర్‌ని నిలదీసిన లక్ష్మీనరసు శెట్టి, బడి కోసం పన్ను కట్టిన గోదావరి రైతులు

ఇవాళ ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. 1850 ప్రాంతంలో మద్రాస్ ప్రెసిడెన్సీ ప్రభుత్వానికి ఏటా వచ్చే ఆదాయం సుమారు 5 కోట్ల రూపాయలు. మన రాజమండ్రి, నరసాపురం, కాకినాడ అన్నీ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనే ఉండేవి. మరి ఆ 5 కోట్లలో చదువు కోసం మంజూరైంది ఎంత? ఏడాదికి 50,000. అంటే జనం దగ్గర వెయ్యి రూపాయలు వసూలు చేస్తే, పిల్లల చదువుకి ఒక్క రూపాయి.

ఈ లెక్కని పట్టుకుని గవర్నర్ ప్రభుత్వాన్ని నిలదీసిన ఒక తెలుగువాడి గురించి, అదే కాలంలో మన డెల్టాలో రైతులు చేసిన ఒక పని గురించి ఈ ఎపిసోడ్‌లో చెప్పుకుందాం.

ముందు ఒక్క విషయం క్లియర్ చేసుకుందాం. ఇప్పుడు గవర్నర్ అంటే అసెంబ్లీలో ప్రసంగం చదివే ఆయన. బడ్జెట్ పెట్టేది మంత్రివర్గం, పాస్ చేసేది మనం ఓటేసి పంపిన వాళ్లు. అప్పట్లో అలా కాదు. గవర్నరూ ఆయన కౌన్సిలే అన్నీ. ఎంత పన్ను వెయ్యాలి, దేనికి ఖర్చు పెట్టాలి, బళ్లో ఏం చెప్పాలి, అన్నీ ఆ గదిలోనే తేలేవి. ఆ పైన కలకత్తాలో గవర్నర్ జనరల్, లండన్‌లో కంపెనీ డైరెక్టర్లు. పన్ను కట్టేవాడికి మాత్రం ఎక్కడా ఓటు లేదు.

సరే, ఈ 50,000 ఎక్కణ్ణుంచి వచ్చింది? థామస్ మన్రో దగ్గర్నుంచి. ఆయన గవర్నర్‌గా ఉన్నప్పుడు 1822లో, ఏ జిల్లాలో ఎన్ని బళ్లు ఉన్నాయో లెక్క పంపండి అని కలెక్టర్లకి ఆర్డర్ వేశాడు. లెక్కలు వచ్చాయి. ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బళ్లు, 1,88,650 మంది పిల్లలు. మన రాజమండ్రి జిల్లా నుంచి వెళ్లిన లెక్కలో 291 బళ్లు, 2,658 మంది పిల్లలు. ఇవి కాక వేదం, శాస్త్రాలు చెప్పే పైచదువుల చోట్లు 279, వాటిలో 1,454 మంది విద్యార్థులు. ఆ జిల్లా జనాభా ఏమో 7 లక్షల పైమాటే. అంటే మన దగ్గర పైచదువుల గురువులు చాలామందే ఉన్నారు గానీ, మామూలు పిల్లాడికి అక్షరం ముక్క చెప్పే బడి తక్కువ. ఆడపిల్లల సంగతైతే చెప్పక్కర్లేదు.

మన్రో 1826లో ఒక ప్లాన్ రాశాడు. ప్రతి కలెక్టరేట్‌లో రెండు బళ్లు, ఒకటి హిందువులకి, ఒకటి ముస్లింలకి. తహసీల్ స్థాయిలో మొత్తం 300 బళ్లు. కలెక్టరేట్ బడి పంతులికి నెలకి 15 రూపాయలు, తహసీల్ బడి పంతులికి 9 రూపాయలు. పుస్తకాల సంఘానికి ఇచ్చే సొమ్ముతో కలిపితే నెలకి 4,000, ఏడాదికి 48,000. డైరెక్టర్లు 50,000 దాకా ఓకే అన్నారు. కానీ 1827లో మన్రో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. అనుకున్న బళ్లన్నీ పెట్టనే లేదు. పెట్టినవాటిని కూడా 1836లో ఎత్తేశారు. ఊళ్లలో బళ్లు పోయాయి, కాగితం మీద 50,000 అంకె మాత్రం మిగిలింది.

ఇక అసలు కథలోకి వద్దాం. 1842లో మార్క్విస్ ఆఫ్ ట్వీడేల్ మద్రాస్ గవర్నర్‌గా వచ్చాడు. అప్పటికి మన డెల్టా పరిస్థితి ఎలా ఉందో తెలుసా? కరువులు, తుపాన్లు వరసగా కొట్టాయి. 1821లో 7,38,000 ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5,61,000కి పడిపోయింది. ఇరవై ఏళ్లలో నలుగురిలో ఒకరు లేకుండా పోయారన్నమాట. పక్కనే నిండుగా గోదావరి పారుతోంది, పొలంలో నీళ్లు లేవు.

ఆర్థర్ కాటన్ ఆనకట్ట ప్లాన్ పంపింది ట్వీడేల్ కాలంలోనే. 1846 చివర్లో అనుమతి వచ్చింది, 1847లో ధవళేశ్వరంలో పని మొదలైంది, 1852కి పూర్తయింది. కాబట్టి ఈ గవర్నర్ మన జిల్లాకి ఏమీ చెయ్యలేదు అనడం కరెక్ట్ కాదు. అది ఒప్పుకునే ముందుకెళ్దాం.

కానీ చదువు విషయంలో అదే గవర్నర్ ఏం చేశాడంటే, 1846లో ప్రభుత్వ బళ్లలో బైబిల్‌ని పాఠ్యపుస్తకంగా పెట్టాలని ప్రతిపాదించాడు. మత విషయాల్లో మేం తటస్థం అని కంపెనీ అప్పటికే మాటిచ్చి ఉంది. ఎవరిష్టం ఉన్న పుస్తకం వాళ్లు ఇంట్లో చదువుకోవడం వేరు. అన్ని మతాలవాళ్లూ కట్టిన పన్నుతో నడిచే బళ్లో ఒకే మతం పుస్తకం పెట్టడం వేరు.

దీన్ని ఎదిరించింది గాజుల లక్ష్మీనరసు శెట్టి. 1806లో మద్రాసులో పుట్టిన తెలుగు వ్యాపారి. గుడ్డలు, నీలిమందు వ్యాపారంలో బాగా సంపాదించాడు. 1844లో 'క్రెసెంట్' అని ఒక ఇంగ్లిష్ పత్రిక పెట్టాడు. ఇంగ్లిష్‌లోనే ఎందుకంటే, అధికారులు చదివే భాష అదే కదా! 1846 అక్టోబర్‌లో మద్రాసులో పెద్ద సభ పెట్టించి, లండన్‌కి అర్జీ పంపించాడు. 1847లో డైరెక్టర్లు గవర్నర్ ప్రతిపాదనని కొట్టేశారు. ఓటు హక్కు లేని జనం, ఒక పత్రికతో, ఒక అర్జీతో గవర్నర్ నిర్ణయాన్ని ఆపేశారు.

శెట్టి అక్కడితో ఆగలేదు. 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ పెట్టాడు. ఆ ఏడాది డిసెంబర్‌లో బ్రిటిష్ పార్లమెంట్‌కే పిటిషన్ వెళ్లింది. టైమింగ్ చూడండి. 1853లో కంపెనీ చార్టర్ రెన్యువల్ ఉంది. అంటే పార్లమెంట్‌లో ఎలాగూ ఇండియా గురించి చర్చ జరుగుతుంది. సరిగ్గా దానికి ముందు పంపారు.

పిటిషన్‌లో ఏముంది? శిస్తు భారం, వసూళ్లలో జులుం, ఉప్పు మీద పన్ను, మగ్గం మీదా చేతివృత్తుల మీదా వేసే మొతర్ఫా పన్ను. రోడ్లు లేవు, వంతెనలు లేవు, చెరువులు బాగుచెయ్యట్లేదు, చదువుకి ఖర్చు పెట్టట్లేదు. ఒక్క మాటలో చెప్పాలంటే బడ్జెట్ మీద విమర్శ అది: ఇంత తీసుకుంటున్నారు, మాకు తిరిగి ఎంత వస్తోంది?

తర్వాత డాన్బీ సేమూర్ అనే ఎంపీ మద్రాస్ వస్తే, శెట్టి ఆయన్ని వెంటబెట్టుకుని జిల్లాలు తిప్పి రైతుల గోడు వినిపించాడు. శిస్తు కోసం రైతుల్ని వంగబెట్టి ఎండలో నిలబెట్టడం, వేళ్లని చెక్కల మధ్య పెట్టి నొక్కడం, ఇవన్నీ నిజమేనని 1855లో ప్రభుత్వం వేసిన కమిషనే రిపోర్ట్ ఇచ్చింది. ప్రభుత్వ ఖజానాకి వచ్చిన ఆదాయం అని మనం చదివే అంకె వెనక ఇది కూడా ఉంది.

ఇప్పుడు మళ్లీ గోదావరికి వచ్చేద్దాం. 1852 తర్వాత కాలవల్లో నీళ్లొచ్చాయి, పంట పెరిగింది. నరసాపురంలో సబ్ కలెక్టర్‌గా ఉన్న జి.ఎన్. టేలర్ అక్కడ ఒక బడి పెట్టించాడు. దాన్ని చూసి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మాకూ బడి కావాలన్నారు. సర్కారు దగ్గర డబ్బు లేదంటే, మేమే కడతాం అన్నారు. శిస్తుతో పాటు బడి కోసం కొంచెం అదనంగా కట్టడానికి ఒప్పుకున్నారు. అలా ఊరూరా తెలుగులో చదవడం, రాయడం, లెక్కలు నేర్పే బళ్లు వచ్చాయి. వీటినే రేట్ స్కూల్స్ అన్నారు, అంటే పన్ను బళ్లు. దేశంలో చాలా చోట్ల ప్రభుత్వం ఇంకా ఆలోచిస్తున్న టైమ్‌లో మన డెల్టా రైతులు డబ్బు కట్టి బడి నడిపించారు.

వినడానికి ఎంతో బాగుంది కదా! కానీ ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఊరు ఒప్పుకుంది అంటే ఎవరు ఒప్పుకున్నట్టు? మునసబు, కరణం, పెద్ద రైతులు తలూపితే, చిన్న రైతు కాదనగలడా? అందరి దగ్గరా వసూలైన డబ్బుతో నడిచే బళ్లో మాల, మాదిగ పిల్లలకి చోటుందా? ఇది స్వచ్ఛందమా, బలవంతమా అనే ప్రశ్న అధికారుల్లోనే లేచింది. చట్టం లేకుండా వసూలు చేస్తే చెల్లదన్నారు. దాంతో 1863లో మద్రాస్ ఎడ్యుకేషన్ యాక్ట్ వచ్చింది. ఊరివాళ్లు ఒప్పుకుంటే బడి కోసం పన్ను వేసుకోవచ్చని ఆ చట్టం. మిగతా జిల్లాల్లో దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. అది నిజంగా నడిచింది ప్రధానంగా గోదావరి జిల్లాలోనే.

నాకు ఈ మొత్తం కథలో ముఖ్యంగా కనిపించేది ఏంటంటే, ఆనకట్టకి డబ్బు దొరికింది, బడికి దొరకలేదు. ఎందుకు? కాలవ తవ్వితే రెండు మూడేళ్లలో శిస్తు పెరుగుతుంది, ఆ లాభం గవర్నర్ పద్దుల్లో కనిపిస్తుంది. బడి పెడితే లాభం రావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది, అదీ ఆ పిల్లాడి జీవితంలో కనిపిస్తుంది గానీ ఆ ఏడాది లెక్కలో కనిపించదు. గవర్నర్‌కి తన పద్దు ముఖ్యం. రైతుకి తన పిల్లాడు ముఖ్యం. అందుకే శిస్తు కట్టి కూడా, బడి కోసం మళ్లీ జేబులో చెయ్యి పెట్టాల్సొచ్చింది. అది మన పూర్వీకుల గొప్పతనం, నిజమే. కానీ ఒకే పనికి రెండుసార్లు కట్టించుకోవడం ప్రభుత్వానికి గొప్ప కాదు.

రాజమండ్రిలో ఇప్పటి గవర్నమెంట్ ఆర్ట్స్ కాలేజీకి మూలమైన బడి పుట్టింది 1853లో. పిటిషన్ వెళ్లిన మరుసటి ఏడాది. దీనివల్లే అది వచ్చింది అని నేను అనను, తేదీలు పక్కపక్కన ఉన్నంత మాత్రాన కారణం అయిపోదు. కానీ 1854లో చార్లెస్ వుడ్ విద్యా విధానం లండన్ నుంచి వచ్చేనాటికి, చదువుకి ఖర్చు పెట్టండి అని ఇక్కణ్ణుంచి అడిగిన గొంతు ఒకటి రికార్డులో ఉంది.

లక్ష్మీనరసు శెట్టి 1863లో మద్రాస్ శాసన మండలి సభ్యుడయ్యాడు. 1868లో చనిపోయేనాటికి సంపాదించిందంతా పోయింది. ఇవాళ మన ఊళ్లలో ఆయన పేరు తెలిసినవాళ్లు చాలా తక్కువ.

రేపు మన రాష్ట్ర బడ్జెట్ వచ్చినప్పుడు ఫోన్‌లో హెడ్‌లైన్ చూసి వదిలెయ్యకండి. అవి పబ్లిక్ డాక్యుమెంట్లు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. విద్యకి ఎంత కేటాయించారో చూడండి. దాని పక్కనే, అంతకుముందు కేటాయించిన దాంట్లో నిజంగా ఎంత ఖర్చైందో కూడా చూడండి. మన్రో 50,000 కాగితం మీద ఏళ్ల తరబడి బతికే ఉంది, బళ్లే లేవు. శెట్టి కాలంలో ఆ అంకె కోసం లండన్ దాకా కొట్లాడాల్సొచ్చింది. మన చేతిలో ఫోన్ ఉంది, ఓటూ ఉంది.

వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. ఉంటానండి.