ఒడ్డు

తెలుగులో ఒడ్డున పడటం అంటే బతికి బయటపడటం. అప్పులు తీరి, పిల్లల చదువులు అయిపోయాక ‘ఇన్నాళ్ళకు ఒడ్డున పడ్డాం’ అంటారు. గట్టెక్కడం, దరిచేరడం కూడా ఆ వరసలోవే. ముంచేది ఎప్పుడూ నట్టేరు. మన నుడికారంలో నీళ్ళంటే ఏరు, అందులో ఉన్నది ఈదుతున్న మనిషి. కాలికి నేల తగిలితే చాలు, ప్రాణం లేచొస్తుంది.

ఇంగ్లీషులో అదే ఒడ్డు ప్రమాదం. స్ట్రాండ్ అంటే తీరం. లండన్‌లో ఒకప్పుడు థేమ్స్ నది అంచునే సాగిన వీధికి ఇప్పటికీ ఆ పేరుంది. దాన్నుంచి వచ్చిన ‘స్ట్రాండెడ్’ ఓడను ఉద్దేశించి పుట్టిన మాట. ఈదేవాడికి నేల ప్రాణం, ఓడకు నేల చావు. చెక్క చెదరలేదు, సరుకు తడవలేదు, మనుషులంతా క్షేమం. కానీ ఓడ ఇక కదలదు. ఆ మాటను 1990లలో అమెరికా విద్యుత్ రంగం అరువు తెచ్చుకుంది. మార్కెట్ తలుపులు తెరిచాక పోటీకి ఆగలేని పాత కేంద్రాల మీద పెట్టిన ఖర్చులకు అది పేరైంది. 2011లో లండన్‌లోని కార్బన్ ట్రాకర్ సంస్థ ఆ ఆలోచనను భూగోళమంతటికీ వర్తింపజేసింది. లెక్క తేలిన బొగ్గు, చమురు, గ్యాస్ నిల్వలన్నీ కాలిస్తే వెలువడే కార్బన్ డయాక్సైడ్ 2,795 గిగాటన్నులు. భూతాపం 2 డిగ్రీలు దాటకుండా ఉండాలంటే 2050 లోపు మనకు అప్పటికి మిగిలింది 565 గిగాటన్నులే. అంటే కంపెనీలు ఆస్తిగా చూపించుకుంటున్న బొగ్గు, చమురు, గ్యాస్‌లలో చాలా భాగం భూమిలోనే ఉండిపోవాలి. ‘స్ట్రాండెడ్ అసెట్’ అనే మాట ఈ వాదంతో పాటే మార్కెట్లలో పాకింది.

సరిగ్గా ఆ 2011లోనే హైదరాబాదు నుంచి రెండు కంపెనీలు ఆస్ట్రేలియా బొగ్గు మీద పెద్ద మొత్తాలు ఒడ్డాయి.

ఇక్కడ ఆగి ఈ క్రియను చూడాలి. ఒడ్డు నామవాచకమైతే గట్టు. క్రియ అయితే పణంగా పెట్టడం. ప్రాణాలొడ్డి కాపాడాడు అంటాం. ధర్మరాజు జూదంలో తమ్ముళ్ళను ఒడ్డాడు, తనను ఒడ్డుకున్నాడు, చివరికి ద్రౌపదిని ఒడ్డాడు. పందేనికి ఒడ్డము అనే పాత పేరూ ఉంది. వలలు ఒడ్డడం, సేనలను మోహరంగా ఒడ్డడం పాత కావ్యాల్లో కనిపిస్తాయి. కన్నడంలోనూ ఒడ్డు అంటే ఒక పక్క కట్ట, మరో పక్క ఎదురుగా పెట్టడం. గట్టుకూ పందేనికీ మూలం ఒకటేనని నేను వాదించబోవడం లేదు. రెండూ ఒకే అక్షరాలతో మన నోట్లో ఉన్నాయి, అది చాలు. నీటికి ఎదురుగా ఉండేది ఒకటి, అదృష్టానికి ఎదురుగా పెట్టేది ఇంకొకటి.

జీవీకే సంస్థ 2011 సెప్టెంబరులో ఆస్ట్రేలియా గనుల వ్యాపారి జీనా రైన్‌హార్ట్ కుటుంబ సంస్థ హాన్‌కాక్ నుంచి క్వీన్స్‌లాండ్ లోని గలిలీ బేసిన్‌లో ఆల్ఫా, ఆల్ఫా వెస్ట్ గనుల్లో 79 శాతం వాటానూ, కెవిన్స్ కార్నర్ గనిని పూర్తిగానూ కొంది. ధర 126 కోట్ల అమెరికా డాలర్లు. అప్పటికి గలిలీ బేసిన్‌లో ఇంత పెద్ద గని తవ్వింది లేదు. బొగ్గును సముద్రం దాకా చేర్చే రైలు మార్గమూ లేదు. అబాట్ పాయింట్ రేవు వరకు దాదాపు 500 కిలోమీటర్ల పట్టాలు వేయాలి, రేవులో కొత్త టెర్మినల్ కట్టాలి. ఆల్ఫా ఒక్కదాని నుంచే ఏటా 3 కోట్ల టన్నులు తవ్వాలని ప్రణాళిక. మొత్తం ఖర్చు 1,000 కోట్ల డాలర్లని అంచనా. అప్పట్లో ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ రేవు బొగ్గు టన్ను 120 డాలర్ల చుట్టుపక్కల ఉంది. ఆ ధర అలాగే నిలుస్తుందనీ, భారతదేశం ఎంత ధరకైనా కొంటుందనీ నమ్మి ఒడ్డిన సొమ్ము అది. తెలుగువాడి కంపెనీ ఖండాలు దాటిందన్న సంతోషం మనకూ ఉండేది. ఆ సంతోషంలో తప్పు లేదు, కానీ లెక్క ఎవరు చూశారు?

2013 జూన్‌లో ఒకరు చూశారు. ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఎనర్జీ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్షియల్ అనాలిసిస్ అనే చిన్న సంస్థ ఆల్ఫా మీద ఒక నివేదిక ప్రచురించింది. రాసినవాళ్ళు టామ్ సాంజిల్లో, టిమ్ బక్లీ. మొదటాయన న్యూయార్క్ రాష్ట్ర ఖజానా లెక్కలు చూసిన అధికారి, రెండో ఆయన సిటీగ్రూప్‌లో షేర్ల పరిశోధన చేసిన ఆస్ట్రేలియన్. నివేదిక పేరే స్ట్రాండెడ్. అందులో పర్యావరణ ఆవేదన కంటే పద్దుల పరిశీలన ఎక్కువ. ఈ బొగ్గు వేడి శక్తి న్యూకాజిల్ బొగ్గు కంటే తక్కువ, కాబట్టి ధరా తక్కువే పలుకుతుంది. రైలూ రేవూ కొత్తగా కట్టాలి కాబట్టి ఖర్చు ఎక్కువ. జీవీకే మీద అప్పటికే అప్పుల బరువుంది. దిగుమతి బొగ్గుతో చేసిన కరెంటును కొనే స్తోమత భారత డిస్కంలకు లేదు. ఈ వరసన ఒక్కొక్కటే పేర్చి, ఈ ప్రాజెక్టుకు గిట్టుబాటు లేదని తేల్చారు.

ఈ ఇద్దరిలో ఎవరూ ఆ గనిలో ఏమీ ఒడ్డలేదు. స్వతంత్ర పరిశోధన అనే మాటకు తెలుగులో ఇంతకంటే సూటి అర్థం నాకు తట్టదు. ఒడ్డున నిలబడ్డవాడు, తాను ఏమీ ఒడ్డనివాడు. ‘ఒడ్డున కూర్చుని ఎన్నైనా చెప్పొచ్చు’ అని మనం తేలిగ్గా తీసేస్తాం. ఏట్లో దిగినవాడి కష్టం ఒడ్డున ఉన్నవాడికి తెలియదన్నది ఆ మాటలోని ఎత్తిపొడుపు. కష్టం తెలియకపోవచ్చు, కానీ పైనుంచి వరద వస్తోందా లేదా అన్నది ముందుగా కనబడేది వాడికే. కురుసభలో విదురుడికి ఆట ఎటు పోతోందో తెలిసింది అతను పాచికలు పట్టలేదు కాబట్టే. అయితే ఆ నివేదిక వేసిన సంస్థకు బొగ్గు మీద ముందే ఒక అభిప్రాయం ఉంది. ప్రపంచం శుద్ధ ఇంధనం వైపు త్వరగా మళ్ళాలన్నదే దాని లక్ష్యం, దాతల నిధులతో నడుస్తుంది. దాచని అభిప్రాయంతో నాకు పేచీ లేదు. అంకెలు పేజీ మీద ఉన్నాయి, ఎవరైనా కూడి చూసుకోవచ్చు. గని అమ్మేవాడి దగ్గరో, అప్పిచ్చేవాడి దగ్గరో ఫీజు తీసుకుని వేసే అంచనాకు ఆ పాటి వెలుగు కూడా ఉండదు.

తర్వాత జరిగింది ఇది. 2016 మొదటికి న్యూకాజిల్ ధర 50 డాలర్ల దాకా పడిపోయింది. ఆల్ఫా గని తెరుచుకోలేదు. ఉక్రెయిన్ యుద్ధంతో 2022లో అదే బొగ్గు 400 డాలర్లు దాటినప్పుడు కూడా తెరుచుకోలేదు. అదే బేసిన్లో అదానీ కార్మైకేల్ గనికి మొదట అనుమతి అడిగింది ఏటా 6 కోట్ల టన్నులకు. దాన్ని కోటి టన్నులకు కుదించి, 2021 చివర్లో మొదటి ఓడ పంపారు. కాబట్టి ఆ నేల బొగ్గంతా వృథా అన్న మాట నిజం కాదు. చేతిలో సొంత డబ్బూ, సొంత రేవూ ఉన్నవాడు చిన్నదిగానైనా తవ్వగలిగాడు. అప్పుతో వచ్చినవాడు తవ్వలేకపోయాడు. ఆ అప్పు ఇచ్చినవి మన బ్యాంకులు. 2023 అక్టోబరులో లండన్ హైకోర్టు బ్యాంక్ ఆఫ్ బరోడా, కెనరా, ఐసీఐసీఐ తదితర ఆరు బ్యాంకులకు జీవీకే అనుబంధ సంస్థ 200 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు చెప్పింది. కొన్నది 126 కోట్లకు అని గుర్తు పెట్టుకుంటే ఆ అంకె బరువు తెలుస్తుంది. 2024 జులైలో జీవీకే పవర్ అండ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది.

ఆ రెండు హైదరాబాదు కంపెనీల్లో రెండోది ల్యాంకో. పెర్త్‌కు దక్షిణాన దాదాపు 200 కిలోమీటర్ల దూరంలోని కోలీ పట్టణంలో గ్రిఫిన్ కోల్‌ను 2011లోనే 70 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా పెట్టి కొంది. అది ఇంకా తవ్వని నేల కాదు, నడుస్తున్న గని. 2017 జూన్‌లో రిజర్వు బ్యాంకు దివాలా చర్యకు ఎంచిన 12 పెద్ద ఖాతాల్లో ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ ఒకటి. 2018లో కంపెనీని లిక్విడేషన్‌కు పంపారు. గ్రిఫిన్ 2022 సెప్టెంబరులో రిసీవర్ల చేతికి వెళ్ళింది. అదే ఏడు జూన్‌లో పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం తన బొగ్గు విద్యుత్ కేంద్రాలను 2030 లోపు మూసేస్తామని ప్రకటించింది. ఆ లోపు దీపాలు ఆరిపోకుండా గ్రిఫిన్ గనికి ప్రభుత్వమే డబ్బు ఇస్తూ వస్తోంది. కోలీలో ఇప్పుడు పెద్ద పెద్ద బ్యాటరీలు లేచాయి. ఆ దేశంలో 40 లక్షలకు పైగా ఇళ్ళ మీద సోలార్ పలకలున్నాయి, పగటి కరెంటు ధర చాలాసార్లు సున్నాకు దిగువకు పోతుంది. మధ్యాహ్నం ఆగలేని బొగ్గు యంత్రానికి ఇది కాలం కాదు.

ఇలాంటి గనిని తెలుగులో ఏమనాలి? ‘ఒడ్డున పడ్డ ఆస్తి’ అంటే బాగుపడిందనుకుంటారు. పత్రికల్లో నిరర్థక ఆస్తి అనే మాట ఉంది, కానీ అది బ్యాంకు పద్దుకు చెందినది. వాయిదా 90 రోజులు అందకపోతే అప్పు నిరర్థకమవుతుంది. అంటే జరిగాక వేసే ముద్ర. 2013 నాటి నివేదిక చూసింది అప్పును కాదు, గనిని. అదీ వాయిదా తప్పక ముందే. ఈ తేడా మాటలో పోతే ఆలోచనలోనూ పోతుంది.

మన పల్లెల్లో దీనికి సరైన మాట ఉందని నా నమ్మకం. అది మేట. వరద తీశాక పొలంలో ఇసుక మేట వేస్తుంది. పట్టాదారు పాసుపుస్తకం అలాగే ఉంటుంది, హద్దురాళ్ళు అలాగే ఉంటాయి, బ్యాంకులో తాకట్టూ చెల్లుతుంది. నాగలి మాత్రం దిగదు. అందులో రైతు సేద్యపు లోపం లేదు, ఏరు దారి మార్చింది. ఇసుక తోడి పారేయాలంటే పొలం ధర కంటే ఎక్కువ కావచ్చు. మేట వేసిన ఆస్తి అంటే కృష్ణా కరకట్ట పక్కన పుట్టిన ఎవరికైనా వివరణ అక్కర్లేదు. ఇంగ్లీషు మాటలో లేని ఒక ప్రశ్న కూడా ఇందులో ఉంది. మేట ఎవరి డబ్బుతో తీయాలి? కోలీలో ఇప్పుడు నడుస్తున్న బేరం అదే.

రేపు ఆ ప్రశ్న మన ముందుకూ రావచ్చు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో థర్మల్ కేంద్రాలకు కరెంటు కొనుగోలు ఒప్పందాలు మామూలుగా 25 ఏళ్ళకు రాస్తారు. నల్లగొండ జిల్లా దామరచర్ల దగ్గర యాదాద్రి కేంద్రం ఒక్కటే 4,000 మెగావాట్లు. సోలార్, బ్యాటరీల ధరలు ఆ 25 ఏళ్ళలో ఎటు పోతాయో, ఏ ఏడాదికి ఏ యూనిట్ మేట పడుతుందో లెక్కకట్టి, తెలుగులో అచ్చువేసి, చదువరి ముందు పెట్టే మనుషులు కావాలి. వాళ్ళకు ప్రభుత్వం నుంచి గానీ కంపెనీ నుంచి గానీ జీతం ఉండకూడదు. విశ్వవిద్యాలయాల్లో ఆర్థికశాస్త్ర విభాగాలు ఉన్నాయి, రెగ్యులేటరీ కమిషన్ల ఉత్తర్వులు అందరికీ దొరుకుతాయి, బహిరంగ విచారణలో ఎవరైనా లేచి అంకెలు అడగవచ్చు.